రెండో ఎత్తుకే బంటు

చదరంగం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో మూడో నెల దాటేసరికి ఒక తగువు వస్తుంది. పావులు నడపడం వచ్చేసింది, క్యాజిలింగ్ వచ్చేసింది, బంటు ఎనిమిదో వరసకు చేరితే మంత్రి అవుతుందని తెలిసి కొన్నాళ్లు అదే పనిగా బంట్లను పరిగెత్తించడమూ అయిపోయింది. ఇక ఓపెనింగ్ కావాలి. నేర్పే సారు లండన్ సిస్టమ్ అంటాడు. పిల్ల కింగ్స్ గాంబిట్ అంటుంది. తండ్రి మధ్యలో దూరి “దేంతోని రేటింగ్ జల్ది వస్తది సార్?” అంటాడు.

మా మేనకోడలి విషయంలో ఈ పంచాయితీకి నన్ను పెద్దమనిషిగా కూచోబెట్టారు. నాది క్లబ్బు స్థాయి ఆట. అయినా మా చుట్టాల్లో చెస్ పుస్తకాలు అటకమీద కాకుండా అలమారాలో ఉన్నది నా దగ్గరే కాబట్టి, తీర్పు చెప్పే యోగ్యత ఉందనుకున్నారు. పైగా హనుమకొండలో ఈ మాటకు మామూలు కంటే బరువెక్కువ. అర్జున్ ఇరిగేశి మా ఊరివాడు. 2003లో వరంగల్‌లో పుట్టాడు, 2018లో పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగుతో, ఆనంద్ తరవాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు. డ్రాతో సరిపెట్టుకోడు, గెలుపు కోసమే మీద పడతాడని అతనికి పేరు. అలాంటివాడు మన వీధుల్లోనే తిరిగాడంటే, బోర్డు ముందు కూచున్న పిల్లలకు మీద పడదామనే అనిపిస్తుంది మరి.

సారు వాదన తీసిపారేసేది కాదు. లండన్ సిస్టమ్‌లో మంత్రి ముందున్న బంటు రెండు గళ్లు కదులుతుంది, నల్లగళ్ల శకటం ఎఫ్4కు వస్తుంది, ఈ3, సి3 బంట్లు దాని వెనక సర్దుకుంటాయి. ఎదుటివాళ్లు ఏమాడినా దాదాపు ఇదే అమరిక. రాజు భద్రం, పావులన్నీ బయటికొచ్చాయి, పది ఎత్తుల దాకా ప్రమాదం లేదు. గంటసేపట్లో గదినిండా పిల్లలను చూసుకోవాల్సిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి? పది ఎత్తుల్లో ఓడిపోయి ఏడ్చుకుంటూ ఇంటికెళ్లిన పిల్ల మర్నాడు క్లాసుకు రాదు. ఆ సంగతి ఆయనకు తెలిసినంత బాగా నాకు తెలీదు.

కానీ ఎదుటివాళ్లు ఏమాడినా మనం ఇదే ఆడొచ్చన్నది దాని గొప్పయితే, తొమ్మిదేళ్ల పిల్లకు చేటు కూడా అదే. మా మేనకోడలు లండన్ ఆడిన ఆటలు కొన్ని పక్కన కూచుని చూశాను. మొదటి ఎనిమిది ఎత్తులూ తన సగం బోర్డునే చూసుకుంటూ వేసింది. అవతలి వైపు ఏదో సినిమా నడుస్తున్నట్టు, దానితో తనకేం సంబంధం లేనట్టు. తొమ్మిదో ఎత్తుకు తల పైకెత్తి చూసేసరికి నల్లగుర్రం వచ్చి తన శకటం పక్కన నిలబడి ఉంది. అది ఎప్పుడొచ్చిందో, ఎందుకొచ్చిందో తనకు తెలీదు. చదరంగంలో మొట్టమొదట అబ్బవలసిన అలవాటు ఎదుటి మనిషి ఏం చెయ్యబోతున్నాడని చూడటం. దాన్ని వాయిదా వేసుకోవడానికి వీలిచ్చే ఓపెనింగ్ మాస్టర్లకు మంచిదే కావచ్చు. వాళ్లకు ఆ అలవాటు ఎప్పుడో అయిపోయింది.

అయితే దూకుడు అనే మాట కింద పిల్లలు ఒకదానికొకటి పొంతన లేని రెండు సరుకులను కలిపేసుకుంటున్నారు. అందులో మొదటిది నాలుగెత్తుల ఆటకట్టు. రాజు ముందు బంటు కదిలించడం, మంత్రిని హెచ్5కు పంపడం, శకటాన్ని సి4లో పెట్టడం, నాలుగో ఎత్తుకు ఎఫ్7 మీద మంత్రి వాలడం. ఆట మొదట్లో ఎఫ్7 గడిని కాసేది రాజు ఒక్కడే. అక్కడే కన్నం ఉంది కాబట్టి శతాబ్దాలుగా తెల్లవైపు దూకుడంతా అటే పోతుంది. అయితే నల్లవైపు పిల్ల జి6కు బంటు జరిపి, ఆ తరవాత గుర్రాన్ని ఎఫ్6లో పెట్టిందంటే మంత్రి తోక ముడవాలి. దాన్ని తరుముతూ నల్లపావులు ఒక్కొక్కటే మంచి గళ్లలోకి వచ్చేస్తాయి. ఇంతా చేసి తెల్లవాళ్లు సాధించింది అవతలివాళ్ల పని సులువు చెయ్యడం.

ఫోన్లో వీడియోలు చూసి పిల్లలు పట్టుకొచ్చే ఎంగ్లుండ్ గాంబిట్ కూడా ఈ జాతిదే. తెల్లబంటు డి4కు రాగానే నల్లబంటు ఈ5కు వచ్చి నన్ను తిను అంటుంది. తిన్నాక నల్లమంత్రి ఈ7 మీదుగా బి4కు వచ్చి చెక్ ఇస్తుంది, బి2 బంటును మింగుతుంది. అప్పుడు గనక తెల్లవాళ్లు శకటాన్ని సి3లో పెట్టారా, ఎనిమిదో ఎత్తుకు సి1లో ఆటకట్టు. చూడ్డానికి గారడీలా ఉంటుంది. శకటం బదులు ఆ సి3లోనే గుర్రాన్ని పెడితే గారడీ ఉండదు. నల్లవాళ్లకు మిగిలేది దారి తప్పిన మంత్రి, వెనకబడ్డ సైన్యం. ఇదేం దూకుడు? ఎదుటివాళ్ల కళ్లు మూతపడాలని మొక్కుకోవడం. అవతల కూచున్నవాళ్లు ఎంత తెలివితక్కువగా ఉంటే మనం అంత గొప్పగా కనిపించే ఆట ఇది. ఓ పదిసార్లు గెలిపిస్తుంది కూడా. ఆ పదిసార్లూ పిల్ల నేర్చుకున్నది ఏమీ ఉండదు.

నేను దూకుడని ఒప్పుకునేది రెండో రకాన్ని. కింగ్స్ గాంబిట్‌నే తీసుకుందాం. రాజుల ముందున్న బంట్లు రెండూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. రెండో ఎత్తుకే తెల్లవాళ్లు ఎఫ్ బంటును రెండు గళ్లు తోసి, కావాలంటే తీసుకోమంటారు. తీసుకుంటే నల్లవాళ్లకు ఒక బంటు లాభం. తెల్లవాళ్లకు మధ్యగళ్ల మీద పట్టు, క్యాజిలింగ్ అయ్యాక ఎఫ్ వరస వెంట నేరుగా ఎఫ్7 దాకా చూసే ఏనుగు. దీనికి ఖరీదు కూడా ఉంది. తెల్లరాజు పక్కన తలుపు తీసినట్టయింది, హెచ్4 నుంచి నల్లమంత్రి నేరుగా చెక్ ఇవ్వగలదు. ఇవన్నీ మొదటి రోజునుంచే బోర్డు మీద బాహాటంగా ఉంటాయి. అవతలివాళ్లు బాగా ఆడినా ఆట బతికే ఉంటుంది. దాచిపెట్టిన ఉచ్చు మీద ఆధారపడింది కాదు.

దీని కథ ఎంత దూరం పోయిందో పిల్లలకు చెబితే నోరు తెరుచుకుని వింటారు. 1851 జూన్ 21న లండన్‌లో అడాల్ఫ్ ఆండర్సన్, లియొనెల్ కీసెరిట్స్కీ సరదాగా ఒక ఆట ఆడారు. ఆండర్సన్ కింగ్స్ గాంబిట్ పెట్టాడు. మూడో ఎత్తుకే హెచ్4లో చెక్ పడింది, రాజు జరిగాడు, క్యాజిలింగ్ హక్కు పోయింది. ఆ తరవాత ఒక శకటం, రెండు ఏనుగులు, చివరికి మంత్రి కూడా ఇచ్చేసి, మిగిలిన రెండు గుర్రాలు, ఒక శకటంతో ఇరవైమూడో ఎత్తుకు ఆటకట్టించాడు. అమరమైన ఆట అని దానికి పేరు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చే సంగతి వేరే. ఓడిపోయిన కీసెరిట్స్కీయే ఆ ఆటను తన పత్రికలో అచ్చు వేశాడు. ఓడినవాడు ముచ్చటపడి అచ్చు వేయించుకున్న ఓటమి! ఈ కాలపు టోర్నమెంట్ హాళ్లలో ఓడిన పిల్లల తల్లిదండ్రుల ముఖాలు చూసినప్పుడల్లా నాకు కీసెరిట్స్కీ గుర్తొస్తాడు.

ఆ తరవాత వంద ఏళ్లలో ఈ గాంబిట్ చాలాసార్లు చచ్చింది. స్పీల్‌మన్ అనే మహా దూకుడు ఆటగాడే 1920లలో దాని రోగశయ్య మీద ఒక వ్యాసం రాశాడు. 1960లో మార్ డెల్ ప్లాటాలో స్పాస్కీ చేతిలో దీని మీద ఓడిపోయిన బాబీ ఫిషర్, మరుసటేడు దీన్ని పగలగొట్టేశానని వ్యాసం ప్రకటించాడు. తరవాత ఫిషరే తెల్లపావులతో ఇదే గాంబిట్ ఆడి గెలిచాడు. పెద్దవాళ్ల స్థాయిలో ఇది నిలుస్తుందా నిలవదా అన్న చర్చ అట్లా సాగుతూనే ఉంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ చర్చతో పనిలేదు. తన ఎదుట కూచునేది ఫిషర్ కాదు, పక్క కాలనీ పిల్లాడు.

తనకు పనికొచ్చేది వేరొకటి. బంటు ఇచ్చేశాక ఊరికే ఉండటానికి లేదు. కాలక్షేపం కోసం ఒక అంచు బంటును జరిపి చూద్దామంటే కుదరదు. నల్లవాళ్లు ఆ ఒక్క ఎత్తులో సర్దుకుంటే ఇచ్చిన బంటు శాశ్వతంగా పోయినట్టే. దాంతో పిల్ల ప్రతి ఎత్తుకూ తనంతట తానే లెక్క వేసుకోవడం మొదలుపెడుతుంది: ఒక బంటు తక్కువున్నా, బదులుగా నాకేముంది? ఎన్ని పావులు బయటికొచ్చాయి, వాళ్లవి ఎన్నొచ్చాయి? ఎదుటివాళ్ల రాజు ఎక్కడున్నాడు? “మామా, బంటు పోయింది గద, ఇప్పుడు ఊకె కూసుంటే ఎట్ల?” అని ఒకనాడు తనే అంది. పావులకంటే సమయం విలువైన ఘడియ ఒకటుంటుందని పెద్ద పుస్తకాలు ఎన్నో పేజీల్లో చెప్పే విషయం ఇదే. లండన్ ఆడినన్నాళ్లూ ఈ ప్రశ్న ఆ పిల్ల నోట రాలేదు.

దూకుడు గురించి తెలివైన పాఠం చెప్పిన ఆట ఒకటి ఇక్కడ రాయాలి. ఒక ఆదివారం హనుమకొండలో ఒక ఫంక్షన్ హాల్లో పిల్లల టోర్నమెంటు. పెళ్లి భోజనాల బల్లల మీదే ప్లాస్టిక్ బోర్డులు పరిచారు, తాడు కట్టి తల్లిదండ్రులను అవతల నిలబెట్టారు. అవతల ఉన్నవాళ్లకు బోర్డులు కనబడవు, పిల్లల వీపులే కనబడతాయి. ఆ వీపులను బట్టే ఎవరు గెలుస్తున్నారో చెప్పగల తల్లులున్నారు. మా పిల్లకు ఆ రోజుల్లో గుర్రంతో ఎఫ్7 మీద పడే దాడి మీద మహా మోజు. ఇటాలియన్ ఆటలో శకటం సి4కు వస్తుంది, నల్లగుర్రం ఎఫ్6కు వస్తుంది, అప్పుడు తెల్లగుర్రం జి5కు దూకుతుంది. శకటం, గుర్రం రెండూ ఎఫ్7 మీదే కన్ను వేశాయి. నల్లవాళ్లు డి5కు బంటు తోసి శకటం దారి మూస్తారు. తెల్లబంటు దాన్ని తింటుంది. ఇప్పుడు ఎవరికైనా చెయ్యి దానంతట అది పోయేది ఆ తెల్లబంటును గుర్రంతో తినడానికే. తింటే మాత్రం తెల్లగుర్రం ఎఫ్7లో ప్రాణం ఇచ్చి రాజును బయటికి లాగుతుంది, మంత్రి ఎఫ్3కు వచ్చి చెక్ ఇస్తూనే డి5లో ఉన్న గుర్రాన్నీ పట్టుకుంటుంది. గుర్రాన్ని వదులుకోకూడదంటే నల్లరాజు ఈ6కు, బోర్డు నడిమధ్యకు, ఏడో ఎత్తుకే నడిచి రావాలి. ఫ్రైడ్ లివర్ అటాక్ అంటారు. వేపుడు పేరు పెట్టినవాడెవడో గానీ పిల్లలకు అదొక్కటి చాలు, ఆ పేరు చెప్పుకోవడానికే ఆడతారు.

ఆ రోజు ఎదురుగా కూచున్న పిల్లాడు గుర్రంతో తినలేదు. సి6లో ఉన్న రెండో గుర్రాన్ని తీసి ఏ5లో, బోర్డు అంచున పెట్టాడు.

ప్రతి ఆటా రాసుకోవాలన్నది సారు నియమం కాబట్టి సాయంత్రం ఆ స్కోర్‌షీటు నా చేతికొచ్చింది. అయిదో ఎత్తు దాకా అక్షరాలు గుండ్రంగా, బడి కాపీ పుస్తకంలో రాసినట్టున్నాయి. నల్లవైపు అయిదో ఎత్తు దగ్గర పెన్సిలు రెండుసార్లు దిద్దింది. అక్కడినుంచి రాత కిందికి జారుతూ పోయింది. శకటం బి5కు వెళ్లి చెక్ ఇచ్చింది, నల్లబంటు సి6లో అడ్డుపడింది, బంట్లు మారాయి, శకటం ఈ2కు వెనక్కొచ్చింది. హెచ్6 బంటు గుర్రాన్ని తరిమింది. గుర్రం ఎఫ్3కు వస్తే ఈ4 బంటు మళ్లీ తరిమింది. తొమ్మిది ఎత్తులకే చూస్తే మా పిల్లకు ఒక బంటు ఎక్కువుంది. కానీ దాడి చేసేది మాత్రం నల్లవాళ్లు. దాడికని బయల్దేరిన అమ్మాయి కాపలా కాస్తోంది. ఖిలా వరంగల్ చూసినవాళ్లకు ఇది వింత కాదు. రాతి ప్రాకారపు ద్వారంలోంచి దారి నేరుగా కోటలోకి పోదు, లోపలికి అడుగు పెట్టగానే మలుపు తిరుగుతుంది. పరుగున వచ్చినవాడి ఊపంతా ఆ మలుపులోనే పోతుంది.

“వాడు గుర్రాన్ని అంచున పెట్టిండు మామా. అంచుమీది గుర్రం దండగని సార్ చెప్పిండు గద?” ఇదీ ఆ పిల్ల ఫిర్యాదు. ఓడిపోయినందుకు కాదు, రూలు తప్పినవాడు గెలిచినందుకు. ఆ సూత్రం జర్మన్ మాస్టర్ టారాష్ పేరు మీద చలామణీలో ఉంది. గుర్రాన్ని జి5కు దూకించే మన దాడిని చేతకానివాళ్ల ఎత్తని ఈసడించిందీ ఆయనే. ఈ సందర్భంలో ఆయన సూత్రమూ నిలవలేదు, ఈసడింపూ పూర్తిగా నిలవలేదు. ఇప్పటి కంప్యూటర్లు ఆ ఎత్తును బాగానే ఒప్పుకుంటున్నాయి, పెద్ద పెద్ద గ్రాండ్‌మాస్టర్లు ఆడుతున్నారు. బంటు నీది, చొరవ వాళ్లది, ఇద్దరికీ ఆట ఉంది. సరైన జవాబు వచ్చాక కూడా ఆడటానికి ఏదో మిగిలింది చూశారా, అదీ నాలుగెత్తుల ఆటకట్టుకూ దీనికీ ఉన్న దూరం. ఆ రాత్రి బోర్డు తిప్పి నల్లవైపు తను కూచుంది. ఏ5లో గుర్రాన్ని తనే పెట్టి చాలాసేపు చూసింది.

మన పాత ఆటలో ఈ తగువే లేదు. మా తాత ఆడిన దేశీ చదరంగంలో బంటు మొదటి ఎత్తుకైనా ఒక్క గడే నడిచేది. క్యాజిలింగ్ లేదు, దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బంట్లు ఒక్కో గడే నడిస్తే రెండు సైన్యాలూ తారసపడటానికి చాలా ఎత్తులు పడుతుంది. ఎవరి పావులను వాళ్లు తాపీగా అమర్చుకునేవాళ్లు, ఆ తరవాతే యుద్ధం. బంటు రెండు గళ్లు దూకే యూరప్ పద్ధతి వచ్చాకే రెండో ఎత్తుకు పోట్లాట మొదలైంది. పంజాబ్‌లో దేశీ పద్ధతిలో నేర్చుకున్న మీర్ సుల్తాన్ ఖాన్ 1930-31 హేస్టింగ్స్‌లో కాపబ్లాంకాను ఓడించాడు. అంతటివాడికీ ఓపెనింగులు చివరిదాకా బరువుగానే ఉన్నాయి.

ఆ రెండు పద్ధతులూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూచున్నది కలకత్తాలో. జాన్ కాక్రన్ అనే స్కాట్లాండ్ బారిస్టరు అక్కడ ప్రాక్టీసు చేసేవాడు. దేశీ ఆటలో ఆరితేరిన మొహేశ్‌చంద్ర బెనర్జీ అతనితో ఏళ్ల తరబడి ఆడాడు. 1848లో ఒక ఆటలో కాక్రన్ నాలుగో ఎత్తుకే గుర్రాన్ని ఎఫ్7లో వేసి బంటును తిన్నాడు. గుర్రానికి బదులు రెండే బంట్లు! ఇప్పటికీ దాన్ని కాక్రన్ గాంబిట్ అనే పిలుస్తారు. 1999లో లినారెస్‌లో టోపలోవ్ దీన్నే క్రామ్నిక్ మీద ప్రయోగిస్తే ఆట డ్రా అయింది. మొహేశ్‌చంద్ర మాత్రం తనకు అలవాటైన తీరునే బంటును ఒక్క గడే కదిపి, శకటాన్ని మూలకు చేర్చి, మధ్యగళ్లను ఎదుటివాడికి వదిలేసి దూరంనుంచి కొట్టేవాడు. ఆ కాలంలో వింతగా చూసిన ఆ అమరికలే తరవాత ఇండియన్ డిఫెన్సులుగా ప్రపంచమంతా పాకాయి. మనకు గుర్తుండేది గుర్రాన్ని ఇచ్చినవాడి పేరు. గుర్రాన్ని తీసుకున్నవాడి పేరు చెస్ పుస్తకాల్లో కిందెక్కడో చిన్న అక్షరాల్లో దొరుకుతుంది.

ఇక అర్జున్ సంగతి. “అర్జునన్న ఏ ఓపెనింగ్ ఆడ్తడు?” అని పిల్లలు అడుగుతారు. ఆయన ఆటలు తెరిచి చూపిస్తే నిరుత్సాహపడతారు. మొదటి ఎత్తు ఒకటని ఉండదు. ఒకనాడు రాజు బంటు, ఒకనాడు మంత్రి బంటు, ఇంకోనాడు సి4. బంట్లు పారబోసే గాంబిట్ల కోసం వెతికితే చేతికి పెద్దగా ఏమీ దొరకదు. ఆయన దూకుడు మొదటి పది ఎత్తుల్లో లేదు, ముప్పయ్యో ఎత్తు తరవాత ఉంది. చాలామంది చేతులు కలిపేసుకుని లేచిపోయే చోట ఆయన ఇంకా కూచుని వెతుకుతూ ఉంటాడు.

అలా కూచోబెట్టే లెక్క కూడా ఒకటుంది. 2780 రేటింగు ఉన్నవాడు 2500 ఉన్నవాడిని ఓడిస్తే దక్కేది సుమారు 1.7 పాయింట్లు. డ్రా అయితే పోయేది సుమారు 3.3. అంటే ఒక్క డ్రా దాదాపు రెండు గెలుపులను మింగేస్తుంది. ఆ స్థాయివాళ్లు చాలామంది తమవంటివాళ్లతోనే ఆడే పిలుపు టోర్నమెంట్లకు పరిమితమై రేటింగు కాపాడుకుంటే, అర్జున్ 2024లో మెనోర్కా వంటి ఓపెన్ టోర్నమెంట్లలో తనకంటే ఎంతో కిందివాళ్లతో ఆడాడు, గెలిచాడు, పైకెక్కాడు. అక్కడ నెమ్మదిగా ఆడితే దిగిపోవడమే. అదే ఏడాది సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద పదకొండు ఆటల్లో పది పాయింట్లు తెచ్చి వ్యక్తిగత స్వర్ణం గెలుచుకున్నాడు, జట్టు కూడా స్వర్ణం గెలిచింది. ఈ ఉదాహరణ నేను ఎత్తితే సారు ఊరుకుంటాడా? “అదే జట్ల మన గుంటూరు హరికృష్ణ గూడ ఉన్నడు. ఎండ్‌గేమ్‌ల ఓపిక ఎట్లుంటదో ఆయన ఆటల్ల చూడుండ్రి” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కాపబ్లాంకా కూడా తన పాఠాల పుస్తకాన్ని ఎండ్‌గేమ్‌తోనే మొదలుపెట్టాడు మరి.

నాకు పేచీ ఉన్నది ఓపికతో కాదు, భయంతో. పిల్లల చేతిలో లండన్ సిస్టమ్ పెట్టిస్తున్నది చాలాసార్లు ఓపిక కాదు, తాడు అవతల నిలబడ్డ పెద్దవాళ్ల గుండెదడ. ఫిడే పద్ధతిలో పద్దెనిమిది దాటని, 2300 చేరని పిల్లలకు క్లాసికల్ ఆటల్లో గుణకం 40. సమానమైన రేటింగు ఉన్నవాళ్ల చేతిలో ఓడితే ఒక్క ఆటలో ఇరవై పాయింట్లు పోతాయి, గెలిస్తే ఇరవై వస్తాయి. చిన్నపిల్లల రేటింగు తొందరగా అసలు స్థాయికి చేరాలని పెట్టిన ఏర్పాటు అది. తల్లిదండ్రులకు అది షేర్ మార్కెట్‌లా కనిపిస్తోంది. 2024 మార్చి నుంచి కనీస రేటింగు 1400 అయ్యాక అక్కడే వేలాడే పిల్లల ఇళ్లలో ఆందోళన ఇంకా ఎక్కువ. ఫోన్లో అంకె చూసి కూతురితో మాట్లాడటం మానేసిన తండ్రిని చూశాను, పేరెందుకు. తొమ్మిదేళ్ల వయసులో ఓడిపోయిన నూరు ఆటలూ పదిహేనేళ్లకు లెక్కలో కూడా ఉండవు. ఆ నూరు ఆటల్లో ఎన్నిసార్లు రాజు నడిబోర్డులో చిక్కుకోవడం కళ్లారా చూసిందో అది మాత్రం ఉంటుంది.

తీర్పు చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెప్పాను. తెల్లపావులతో ఒకటి రెండేళ్లు పిల్ల ఇష్టం. కింగ్స్ గాంబిట్ గానీ, ఎవన్స్ గాంబిట్ గానీ, ఇటాలియన్‌లో గుర్రం దూకుడు గానీ. రేటింగు లేని టోర్నమెంట్లయితే మరీ మంచిది. ఇంటాయన రేటింగు కోసం అంతగా తహతహలాడితే తనే వెళ్లి ఆడుకోవచ్చు. వీడియోలో చూసిన ఏ ఉచ్చునైనా ఆడొచ్చు, ఒక్క షరతు: దాన్నుంచి తప్పించుకునే ఎత్తు ఏమిటో ముందు నాకు చూపించాలి, ఆ ఎత్తు పడ్డాక తన పరిస్థితి ఎట్లా ఉంటుందో చెప్పాలి. ఈ షరతు పెట్టాక ఎంగ్లుండ్ గాంబిట్ ఒక్క సాయంత్రంలో ఇల్లు ఖాళీ చేసింది. తెల్లగుర్రం సి3లో పెట్టి, తన నల్లమంత్రి వంక చూసి, “ఛీ, ఇది బాలేదు” అని తనే పావులు సర్దేసింది. ఎవన్స్ గాంబిట్ మాత్రం నిలిచింది. నల్లపావుల సంగతి సారుకే వదిలేశాను. ఆయన కారో-కాన్ అన్నాడు, పిల్ల ముఖం ముడిచింది, అయినా నేర్చుకుంటోంది.

ఎవన్స్ కోసం ఇప్పుడు తన ముందున్న ఆట 1995లో రీగాలో కాస్పరోవ్ ఆనంద్ మీద ఆడింది. నాలుగో ఎత్తుకు బి4 బంటు ఇచ్చాడు కాస్పరోవ్. అప్పటికి పెద్ద టోర్నమెంట్లలో దాదాపు ఎవరూ ముట్టుకోని పాత సరుకు. ఆనంద్ ఇరవైఅయిదో ఎత్తుకు ఓటమి ఒప్పుకున్నాడు. ఈ ఆట గెలిచినవాడి వైపునుంచి కాకుండా ఓడినవాడి వైపునుంచి చదవమన్నాను. ఆనంద్ ఎక్కడ వేరేగా ఆడితే బాగుండేదో వెతకమన్నాను. మొన్న స్కోర్‌షీటు తెచ్చి ఆరో ఎత్తు మీద వేలు పెట్టింది.

“ఇక్కడ గూడ గుర్రం ఏ5కే పోయింది మామా. ఆ పిలగాడు గెలిచిండు, ఆనంద్ సార్ ఎందుకు ఓడిండు?”

మూడు ఎత్తులు కిందికి చూడమన్నాను. ఏ5కు పోయిన ఆ గుర్రం తొమ్మిదో ఎత్తుకు మళ్లీ సి6కే వచ్చింది.